మాజీ సైనికుడంటే ఎవరు? గరిడేపల్లి నుంచి ఒక జవాబు

గరిడేపల్లి పేరులోనే గరిడి ఉంది కాబట్టి ఇది పూర్వం నుంచీ వీరుల ఊరని మన సభల్లో మైకు అందుకున్న ప్రతివారూ చెప్పేస్తున్నారు. సాముగరిడీ లేని ఊరు ఆ కాలంలో ఎక్కడుంది కనుక! మన ఊళ్ళకూ ఆయుధానికీ ఉన్న సంబంధం అంత పాతదీ కాదు, అంత తేలికైనదీ కాదు. సరిగ్గా చెప్పాలంటే 1946 నుంచి మొదలుపెట్టాలి. అప్పుడే మన మాజీ సైనికుల చరిత్ర కూడా మొదలవుతుంది. దాన్ని సైన్యం ఇచ్చే డిశ్చార్జి బుక్కుతో మొదలుపెట్టేవాళ్ళతోనే నా పేచీ.

కోస్తా మిత్రులు రాసే వ్యాసాల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: తెలంగాణ పల్లెలకు సైనిక సంప్రదాయం లేదట. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చూపిస్తారు. ఇంటికో జవాను ఉంటాడని దానికి 'మిలటరీ మాధవరం' అన్న పేరే స్థిరపడింది. మంచిదే, ఆ ఊరికి దండం పెడతాను. కానీ పోలిక పెట్టేముందు హద్దులు చూడాలి కదా. అది మద్రాసు ప్రెసిడెన్సీ. తెల్లదొర రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడ జనాన్ని భర్తీ చేసుకున్నాడు. మనది నిజాం ఇలాకా. నిజాం ఫౌజు వేరు. 1918లో హైఫా దాకా వెళ్ళిన హైదరాబాద్ లాన్సర్లు ఆ ఫౌజువాళ్ళే, ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ళదే. అందులో నల్గొండ జిల్లా తెలుగు రైతు బిడ్డకు చోటు ఎంత? తలుపు మూసి ఉన్న ఇంట్లోకి ఎందుకు రాలేదని అడగడం న్యాయం కాదు.

ఆ తలుపు తెరుచుకోకముందే మనవాళ్ళు ఇంకో పటాలంలో చేరారు. దాని పేరు సంఘం. ఆంధ్ర మహాసభ పేరు మన పల్లెల నోట్లో సంఘమైంది. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది పట్నం వకీళ్ళ చేతుల్లోంచి పల్లె రైతు చేతికి వచ్చింది. 1946 జులై 4న కడివెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య నేలకొరిగాక కర్రా వడిసెలా పోయి తుపాకీ వచ్చింది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు ఆ సాయుధ పోరాట దళాలకు నడిబొడ్డు. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఈ పరగణాల మనుషులే. స్వరాజ్యం తలకు పదివేల రూపాయల వెల కట్టారంటే, ఆ కాలపు పదివేలు ఎంతో మన పెద్దలకు తెలుసు.

ఇక అసలు తగువు 1948 సెప్టెంబర్ దగ్గర వస్తుంది. ఆ నెల 13న భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి, బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలో కదిలింది. బెజవాడ దళం కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట దిక్కుగా సాగింది. వెనక్కి తగ్గుతూ నిజాం బలగాలు సూర్యాపేట దగ్గరి వంతెనను పేల్చేశాయి. 17న నిజాం లొంగిపోయాడు. మన మండలంలో కొందరు ఆ సైన్యం గరిడేపల్లి మీదుగానే వెళ్ళిందని వాదిస్తారు. నేను ఒప్పుకోను. ట్యాంకులూ లారీలూ పెద్ద సడక్ మీద పోయాయి, ఆ సడక్ మనకు ఉత్తరంగా ఉంది. హైదరాబాద్ చేరాల్సిన దళానికి దక్షిణంగా పొలాల్లోకి దిగే పనేముంది? మన ఊళ్ళకు మిలటరీ వచ్చింది ఆ తర్వాత, వేరే పని మీద. ఈ తేడాను కలిపేసి ఒకే కథ చేయడం వల్లే గందరగోళమంతా.

ఆ వేరే పని ఏమిటో రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబుతాయి. సంస్థానాల విలీనం మీద వి.పి. మీనన్ 1956లో రాసిన గ్రంథం ఢిల్లీ కుర్చీలోంచి చూస్తుంది. అందులో కోదాడ రోడ్డు ఉంటుంది కానీ రోడ్డు పక్క మనిషి ఉండడు. 1972లో వచ్చిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకంలో మనిషి ఉంటాడు. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది మరణాలు అని ఆయన లెక్క చెబుతారు. కానీ అక్కడ యూనిఫాం వేసుకున్నవాడికి ముఖం ఉండదు. ఇద్దరూ గొప్పవారే, ఇద్దరివీ సగం చూపులే అని నా తీర్పు. నిజాం పక్షపు రజాకార్లను తరిమినందుకు హారతిచ్చిన జనమే కొన్ని వారాలకు అదే మిలటరీని చూసి చెలకల్లోకి పారిపోయారు. నిజాం పోయాక కూడా దళాలు ఆయుధాలు దించలేదు, భూములు వెనక్కివ్వలేదు కాబట్టి సైన్యం దళాల మీదికి తిరిగింది. 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించే దాకా మూడేళ్ళు అదే నడిచింది. ఆ వెంటనే 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అందరికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు, నెహ్రూ కంటే కూడా. హైదరాబాద్‌లో ఓడిన మఖ్దూం మొహియుద్దీన్‌ను ఉప ఎన్నికలో గెలిపించి శాసనసభకు పంపింది మన హుజూర్‌నగరే. కవిని గెలిపించామని చెప్పుకోవడానికి మనవాళ్ళు ఎందుకో మొహమాటపడతారు.

పోరాటం ముగిశాక దళ సభ్యులు ఏమయ్యారు? చాలామంది పొలానికి పోయారు. కొందరు సర్పంచులయ్యారు. భీమిరెడ్డి 1971, 1984, 1991లో మిర్యాలగూడ ఎంపీ. స్వరాజ్యం 1978, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యే. 2022 మార్చి 19న ఆమె కన్నుమూశాక దేహాన్ని నల్గొండ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఎవరూ పేరు పెట్టలేదు కానీ, మన ప్రాంతంలో మొదటి మాజీ సైనికుల సంఘం వీళ్ళదే. పట్టా పాసుబుక్కు, తగాదా, కూలి రేటు, కాలువ నీరు, ఏది వచ్చినా జనం వీళ్ళ గడప తొక్కారు.

పింఛను వచ్చేసరికి మాత్రం కాగితం మాట్లాడింది. 1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పెట్టింది. హైదరాబాద్ విలీన ఉద్యమం దాని కిందికి రావడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. ఆరు నెలల జైలో, అజ్ఞాతవాసమో చూపాలి. ఆడవాళ్ళకూ ఎస్సీ ఎస్టీలకూ మూడు నెలలు. లేదా గుర్తింపు పొందిన సరిహద్దు క్యాంపులో ఉన్నట్టు సాక్ష్యం తేవాలి. రాత్రిపూట చద్ది మూట మోసి దళానికి అందించిన చాకలి ఇంటి ఆడమనిషి ఏ రసీదు చూపుతుంది? 1948 సెప్టెంబర్ 17 తర్వాత దెబ్బలు తిన్నవాడి సంగతి సరేసరి, అతను కొట్లాడింది పింఛను ఇచ్చే సర్కారుతోనే.

డిశ్చార్జి బుక్కు ఉన్న మాజీ సైనికులు మనకు ఈ తరం తర్వాత వచ్చారు. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద వరి నిలబడింది. నీళ్ళున్న ఇల్లు కొడుకును పటాలానికి పంపడం తక్కువ, చివరి భూములవాళ్ళూ మెట్టవాళ్ళూ పంపారు. ఇది నా అంచనా, కాదనేవాళ్ళు గడ్డిపల్లి, పొనుగోడు, కల్మలచెరువు ఇళ్ళు తిరిగి చూడవచ్చు. పదిహేడేళ్ళ సర్వీసు చేసి నలభై లోపే ఇంటికొచ్చిన జవాను పేరు ముందు ఊరు 'మిలటరీ' తగిలిస్తుంది. బ్యాంకు గార్డు, పోలీసు, లేదంటే రాష్ట్ర ఉద్యోగాల్లో ఉన్న రెండు శాతం కోటా, ఇవీ అతని దారులు.

పట్టణాల్లో, మండలాల్లో నడిచే మాజీ సైనికుల సంఘాల గురించి పేపర్లో వచ్చేది ఆగస్టు 15 జెండా ఫొటోలు, డిసెంబర్ 7న జెండా దినం డబ్బా ఫొటోలు. అసలు సేవ ఫొటోలో పడదు. నవంబర్ వచ్చిందంటే జీవన ప్రమాణ పత్రం కోసం ముసలి వితంతువులు ఆధార్ కార్డులు పట్టుకుని బయల్దేరతారు. భర్త రికార్డులో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. రక్షణ పింఛన్లకు స్పర్శ్ పోర్టల్ వచ్చాక వేలిముద్ర పడకపోతే పింఛను ఆగుతుంది. రిటైరైన ఏ హవల్దారో పక్కన కూర్చుని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఉత్తరం రాసి, రికార్డు ఆఫీసుకు ఫోన్ చేసి ఆ చిక్కు తీరుస్తాడు. సైన్యం భర్తీ కోసం తెల్లారుజామున కుర్రాళ్ళను లేపి పదహారు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తించేదీ వీళ్ళే. ఒకనాడు సంఘం పెద్దల గడప దగ్గర జరిగిన పనే ఇది, కాగితాలు మారాయంతే.

అయినా ఈ రెండు తరాలను ఒక వేదిక మీద కూర్చోబెట్టాలంటే మనవాళ్ళు జంకుతారు. ఎర్రజెండావాళ్ళకు మిలటరీ మాట గుచ్చుకుంటుంది, మిలటరీవాళ్ళకు దళం మాట గుచ్చుకుంటుంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో 16 బిహార్ బెటాలియన్ కమాండర్, సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు అమరుడైనప్పుడు సూర్యాపేట రోడ్లన్నీ నిండాయి. ఆ రోజు ఎవరి జెండా ఏదని ఎవరూ అడగలేదు. మిగ్‌లు నడిపిన ఉత్తమ్ కుమార్ రెడ్డిని హుజూర్‌నగర్ మళ్ళీ మళ్ళీ గెలిపించింది, పక్క ఊరి అమరవీరుల స్తూపానికి ఎర్ర రంగు వేసిన చేతులతోనే. జనానికి లేని ఇబ్బంది చరిత్ర రాసేవాళ్ళకు ఎందుకు?

ఇప్పుడు ఈ చర్చ ఎందుకంటే, ఆర్మీలో అగ్నిపథ్ మొదటి బ్యాచ్ అగ్నివీరులు 2023 జనవరిలో శిక్షణలో చేరారు. నాలుగేళ్ళ లెక్కన వాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది దాదాపు పదకొండు లక్షల డెబ్బై వేల సేవానిధితో ఇంటికొస్తారు. పింఛను లేదు, మాజీ సైనికులకుండే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు, నిబంధనల ప్రకారం 'మాజీ సైనికుడు' అన్న హోదా కూడా లేదు. సరిహద్దు క్యాంపు కాగితం లేని దళ సభ్యుడికి జరిగిందే మళ్ళీ జరగబోతోంది. హోదా ఢిల్లీ చేతిలో ఉంది. సంఘం సభ్యత్వం మన చేతిలోనే ఉంది. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు, నియమావళి మనమే రాసుకుంటాం. గరిడేపల్లి మండలంలోని మాజీ సైనికులారా, మీ సంఘం నియమావళిలో అగ్నివీరులకు పూర్తి సభ్యత్వం అని ఒక వాక్యం ఇప్పుడే చేర్చండి. అదే సర్వసభ్య సమావేశంలో, పింఛను రాని దళ సభ్యుల పేర్లు ఊరూరా రాయించి మీ రిజిస్టర్ మొదటి పేజీల్లో చేర్చాలని కూడా తీర్మానం చేయండి.