వద్దనుకున్న పాటే నిలిచింది

1939 అక్టోబర్ 11. న్యూయార్క్‌లో ఒక రికార్డింగ్ గది. అనుకున్న పాటలు అయిపోయాయి. సాక్సోఫోన్ విద్వాంసుడు కోల్‌మన్ హాకిన్స్ ఇక లేవబోతుంటే, రికార్డింగ్ చూస్తున్న లెనర్డ్ జాయ్ ఇంకొకటి కావాలన్నాడు: ‘బాడీ అండ్ సోల్’.

హాకిన్స్‌కి మనసు లేదు. కెల్లీస్ స్టేబుల్ క్లబ్బులో రాత్రిళ్లు జనం అడిగితే వాయించే పాట అది. గ్రామఫోన్ ప్లేటు మీదికి ఎక్కించాలని ఎప్పుడూ అనుకోలేదు. దానికి సిద్ధం చేసిన కాగితమూ లేదు. అయినా, అడిగారు గదా అని సరేనన్నాడు. ఐదేళ్లు యూరప్‌లో తిరిగి ఆ ఏడాదే ఇల్లు చేరిన మనిషి. వయసు 34.

పియానో దగ్గర జీన్ రాడ్జర్స్ వేళ్లు కదిలాయి. నాలుగు బార్ల, అంటే నాలుగు తాళావర్తాల, ఎత్తుగడ. హాకిన్స్ అందుకున్నాడు. అసలు వరస మొదట్లో లీలగా వినిపించి మాయమైంది. సన్నాయి విద్వాంసుడు పల్లవి ఎత్తుకున్నట్టే ఎత్తుకుని ఆలాపనలోకి జారిపోతాడే, అలాగ. అడుగున పియానో స్వరాల మెట్లు మాత్రం తప్పలేదు. వాటి మీదే అతను కొత్త దారి వేసుకుంటూ ఎక్కాడు.

పది అంగుళాల ప్లేటు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలే. పాట రెండు చుట్లు తిరిగింది: 64 బార్లు. మొదటి చుట్టు గుసగుస, రెండోది గుండె నిండా ఊపిరి. చివర్లో తోడు వాయిద్యాలు ఆగాయి. సాక్సోఫోన్ ఒక్కటే మెల్లగా దిగింది.

ఆ ప్లేటు విపరీతంగా అమ్ముడుపోయింది. జనానికి అంతగా ఏం నచ్చిందో తనకే అంతుబట్టలేదన్నాడు హాకిన్స్. ఆ తర్వాత వచ్చిన సాక్సోఫోన్ వాళ్లకు మాత్రం అదే పాఠం. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచాల్సిన రికార్డుల జాబితాలో చేర్చింది.

సరిగ్గా 80 ఏళ్లకు, 2019లో అదే అక్టోబర్ 11న మంగళూరులో కద్రి గోపాల్‌నాథ్ కన్నుమూశారు. నాగస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ చూసి మనసు పారేసుకుని, కర్ణాటక గమకాలకు దాన్ని లొంగదీసినవాడు. 1980లో బొంబాయి జాజ్ వేదిక మీద అమెరికన్ జాన్ హ్యాండీతో కలిసి వాయించాడు. ఆయన వాయించిందీ రికార్డుల్లో పదిలంగా ఉంది.

మా కృష్ణా మెట్టలో ఆ అదృష్టం ఎందరికి? నందిగామలో, జగ్గయ్యపేటలో ఎదురుకోలు వేళ సన్నాయి పీక పెదవులతో తడిపి, కల్యాణి ఎత్తుకునే చెయ్యితిరిగిన వాళ్లున్నారు. మొన్నొక ఊరేగింపులో అలాంటాయన కళ్లు మూసుకుని రాగంలో ఉన్నాడు. పది సెల్‌ఫోన్లు రికార్డు చేస్తున్నాయి. అన్నీ పెళ్లికొడుకు వైపే. ఇంటికెళ్లి వీడియో పెట్టుకుని చూశాను. ఆయన లేడు. జనరేటర్ రొద కింద, ఎక్కడో సన్నగా, కల్యాణి ఉంది.