తోడు చుక్క నుండి ఫోలిక్ ఆమ్లం దాకా

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఇళ్లలో రాత్రి గోరువెచ్చని పాలలో ఒక చుక్క తోడు వేసి మూతపెడితే తెల్లవారేసరికి పెరుగు సిద్ధమవుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చే బాక్టీరియా చేసే పని ఇది. పులుపు పెరిగేకొద్దీ తక్కిన క్రిములు వెనుకబడిపోగా, ఆమ్లాన్ని ఇష్టపడే లాక్టోబాసిల్లస్ జాతులు నిలిచి వృద్ధి చెందుతాయి.

అయితే ఇంటి తోడులో ఉండేది ఒక్క జాతి కాదు, అదొక సమూహం. పెరుగుకు అది చాలును గాని శాస్త్ర పరిశోధనకు చాలదు. ఏ క్రిమి ఏ పని చేస్తున్నదో నిర్ధారించాలంటే దానిని ఒంటరిగా, ఇతర జాతుల కల్తీ లేకుండా పెంచాలి. దీనినే శుద్ధ వర్ధనం అంటారు. ఈ ప్రయత్నంలోని కష్టమే ఒక గొప్ప ఔషధానికి దారి చూపింది.

శస్త్రచికిత్సలో క్రిమిరహిత విధానాన్ని ప్రవేశపెట్టిన జోసెఫ్ లిస్టర్ 1878లో పుల్లని పాల నుండి ఒక బాక్టీరియాను శుద్ధంగా వేరుచేశాడు. ఒక్కొక్క చుక్కలో సగటున ఒక్క క్రిమి కూడా మిగలనంతగా పాలను పలుచబరచి, ఆ చుక్కలను మరిగించిన పాలున్న పాత్రలలో వేశాడు. కొన్ని పాత్రలు విరిగాయి, కొన్ని విరగలేదు. విరిగిన పాత్రలో పెరిగినది ఒకే క్రిమి సంతానమని ఆయన తర్కించాడు.

తరువాత రాబర్ట్ కాక్ అనుచరులు అగార్ పలకలను వాడుకలోకి తెచ్చారు. కాని ఆమ్లప్రియ జాతులకు అది సులభమార్గం కాలేదు. బాగా ఆమ్లమైన అగారును అధిక వేడిలో శుద్ధి చేస్తే అది సరిగా గడ్డకట్టదు. ఆమ్లం తగ్గిస్తే ఇతర క్రిములు ముందుగా ఆక్రమిస్తాయి. 1900లో ఎర్న్‌స్ట్ మోరో ఆమ్లం కలిపిన ద్రవ మాధ్యమాన్నే జల్లెడగా వాడి, పసిబిడ్డల మలం నుండి ‘బాసిల్లస్ అసిడోఫిలస్’ను వేరుచేశాడు. ‘ఆమ్లాన్ని ప్రేమించేది’ అని ఆ పేరుకు అర్థం.

వేరుచేసినంత మాత్రాన కష్టం తీరలేదు. ఒంటరిగా పెట్టిన ఈ క్రిములు చక్కెర, లవణాలు ఇచ్చినా పెరగవు. తమకు కావలసిన విటమినులలో అనేకం అవి స్వయంగా తయారుచేసుకోలేవు. ఈ బలహీనతనే శాస్త్రజ్ఞులు కొలబద్దగా మలచుకున్నారు. 1940 ప్రాంతంలో అమెరికాలో ఎస్మండ్ స్నెల్ మొదలైనవారు, నాడు లాక్టోబాసిల్లస్ కేసీ అని పిలిచిన క్రిమి పెరుగుదలకు ఒక అజ్ఞాత పదార్థం అవసరమని గుర్తించారు. మాధ్యమంలో ఆ పదార్థమెంత ఉంటే క్రిమి అంత పెరిగి, అంత ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లాన్ని కొలిస్తే విటమిను మోతాదు తెలుస్తుంది. ఇక్కడ శుద్ధత ప్రాణప్రదం. ఆ విటమినును తామే తయారుచేసుకోగల బాక్టీరియా అనేకం ఉన్నాయి. అలాంటిది ఒక్కటి చొరబడినా లెక్క తప్పుతుంది.

అంతకు ముందే, 1931లో, లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి గర్భిణులలో కనిపించే ఒక తీవ్ర రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని ప్రకటించింది. అందులోని మందు ఏమిటో తెలియలేదు.

దానిని పట్టి ఇచ్చినవారిలో ముఖ్యుడు మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలో మరణించారు. వారిని బలిగొన్న స్ప్రూ వ్యాధిలో పేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు, రక్తం క్షీణిస్తుంది. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు నాయకత్వంలోని బృందం, ఈ క్రిమి పెరుగుదలనే గీటురాయిగా చేసుకొని కాలేయం నుండి ఆ పదార్థాన్ని వేరుచేసింది. 1945లో కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. దాని నిర్మాణాన్ని కొద్దిగా మార్చి చేసిన ఎమినోప్టెరిన్ 1948లో పిల్లల రక్త క్యాన్సరుపై తొలిసారి ప్రభావం చూపింది. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు.

నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఎర్రని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. నాలుగవ నెల నుండి కనీసం 180 రోజులు వాడాలి. బిడ్డ వెన్నుపాము మాత్రం గర్భం ధరించిన తొలి నాలుగు వారాలలోనే, తల్లికి ఇంకా తెలియకముందే, రూపుదిద్దుకుంటుంది. కనుక బిడ్డను కోరుకునేవారు ముందునుండే వైద్య సలహాతో ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టడం మేలు. బి12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్లు కనిపించినా నరాల దెబ్బ లోలోపల సాగిపోవచ్చు. శాకాహారులు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మలబద్ధకం, వికారం అంటూ ఆ మాత్రను గూట్లో పడేసే తల్లులను నేను ఎందరినో చూశాను. పారేసే ముందు మీ వైద్యుని అడగండి. మన పెరుగు కుండలోని క్రిముల బంధువును ఒంటరిగా పెంచడానికి పడిన దశాబ్దాల శ్రమ ఆ చిన్న మాత్రలో దాగి ఉంది.