ఏటికొప్పాక

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లా సర్వసిద్ధి రాయవరం మండలంలో వరాహ నది ఒడ్డున ఉన్న గ్రామం. లక్కబొమ్మలకు పేరుపొందింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది.

చరిత్ర

సమీపంలోని ఎలమంచిలి మధ్యయుగంలో ఒక చాళుక్య శాఖకు రాజధాని. మండల కేంద్రమైన రాయవరంలో 1862 సెప్టెంబరు 21న మహాకవి గురజాడ అప్పారావు జన్మించారు.

ఈ ప్రాంతానికి చెరకే ప్రాణం. రైతులు కలిసి 1933లో ఏటికొప్పాక సహకార సంఘాన్ని స్థాపించుకున్నారు. దాని చక్కెర మిల్లు దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాల్లో ఒకటి. ఏటా గానుగ ఆడే కాలంలో చుట్టుపక్కల ఊళ్ల చెరకు బళ్లన్నీ ఇక్కడికే చేరేవి. తర్వాతి కాలంలో మిల్లు నష్టాల్లో కూరుకుపోయింది.

లక్కబొమ్మలు

బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. మెత్తగా ఉండి, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. కర్రను బాగా ఆరబెట్టి, లేత్‌కు బిగించి ఆకారం తీస్తారు. గిర్రున తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క కడ్డీని అదిమి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి పూతలా పరుచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడే మెరుపు వస్తుంది. ఎక్కడా కుంచె అక్కర్లేదు. లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, బొమ్మల కొలువులో పెట్టే బొమ్మలు ఇలా తయారైనవే.

ఒకప్పుడు లక్కలో మొక్కల నుంచి తీసిన రంగులే కలిపేవారు. రసాయన రంగులు చౌకగా దొరకడంతో ఆ పద్ధతి మరుగున పడింది. పసిపిల్లలు బొమ్మల్ని నోట్లో పెట్టుకుంటారు కనుక రంగుల్లోని సీసం వంటి విషలోహాలు ప్రమాదకరం. అందుకే ఊరు మళ్లీ మొక్కల వైపు తిరిగింది. పసుపు రంగుకు పసుపు కొమ్ములు, నారింజ ఎరుపుకు జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు వాడతారు.

ప్రముఖులు

మొక్కల రంగుల వైపు వచ్చిన ఈ మలుపుకు ప్రధాన కారకుడు గ్రామానికి చెందిన సి.వి. రాజు. ప్రకృతి రంగుల తయారీని పునరుద్ధరించి, కళాకారులకు నేర్పి, వారిని ఒకతాటిపైకి తెచ్చారు. 2020 ఆగస్టులో ప్రధాని నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’లో ఆయన కృషిని ప్రస్తావించారు. కళారంగంలో సేవకు రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

గుర్తింపు, సవాళ్లు

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో వీటితో తీర్చిదిద్దిన ఆంధ్రప్రదేశ్ శకటం రాష్ట్రాల విభాగంలో మూడో బహుమతి గెలుచుకుంది.

బహుమతుల కంటే ఊరికి ముందు కావలసింది కర్ర. కొండల్లో అంకుడు చెట్లు తగ్గిపోవడంతో కళాకారులు దాని కోసం ఇబ్బంది పడుతున్నారు. నరికినంత మేరా మళ్లీ నాటి పెంచితేనే వచ్చే తరం ఈ పనిలో నిలబడగలుగుతుంది.