తామ్రపత్రాలూ, తెల్లవార్లూ కూర్చున్న జనమూ

సొమ్ము ఖర్చు పెట్టకుండా కళాకారుణ్ణి నిలబెట్టడం సాధ్యమా అన్న ప్రశ్నను మన సాహిత్య చరిత్రకారులు గట్టిగా వేసుకున్నట్టు కనబడదు. వాళ్లు రాసిన పోషణ చరిత్ర అంతా దాతల చరిత్ర. అగ్రహారాలు, గండపెండేరాలు, కనకాభిషేకాలు. ఇచ్చినవాడి పేరు శాసనంలో ఉంటుంది గనక చరిత్రలోకి ఎక్కింది. చాపమీద కూర్చుని తెల్లవార్లూ విన్నవాడి పేరు ఏ శాసనంలోనూ లేదు. అయితే వినేవాడు లేనిచోట దాత సొమ్ము ఏమైందో తెలుసుకోవడానికి చంద్రగిరి ప్రాంతం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు చంద్రగిరి కేంద్రంగా బలపడిన ప్రభువు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) ఆయనకు సమకాలికుడు. తనమీద పాట కట్టమని రాజు అడిగాడనీ, అన్నమయ్య కాదన్నాడనీ, సంకెళ్లు పడ్డాయనీ మనుమడు చిన్నన్న ద్విపదలో చెప్పాడు. ఆ కథలో భక్తి పాలు ఎంత, చరిత్ర పాలు ఎంత అన్న వాదన ఎలా ఉన్నా, స్వతంత్ర కళాకారుడంటే ఎవరో ఆనాటివారికి తెలుసునన్నది మాత్రం స్పష్టం.

ఆ కుటుంబానికి కలిమి లేకపోలేదు. కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని భాండాగారంలో భద్రపరచారు. తాళ్లపాకవారి రేకులు 2,000కు పైగా దొరికాయి. రాగికి డబ్బు, చెక్కినవాడికి కూలి, దాచడానికి గది, అన్నీ సమకూరాయి. కాలక్రమంలో ఆ గది మరుగున పడింది. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ రేకులు చదివి అచ్చుకు ఎక్కించేసరికి, మాట ఉంది, రాగం పేరు ఉంది, వరస లేదు. అత్యధిక భాగం పాటలకు రాళ్లపల్లి మొదలుకొని మన కాలపు విద్వాంసులే కొత్తగా బాణీలు కట్టవలసి వచ్చింది. రాగి మాటను కాపాడింది. పాటను కాపాడవలసినవి చెవులూ గొంతులూ. ఆ గొలుసు మధ్యలో తెగింది.

దీనికి పక్కన చిత్తూరు సీమ ద్రౌపదమ్మ గుళ్ల భారతాన్ని పెట్టి చూడండి. ఎండాకాలంలో సాధారణంగా పద్దెనిమిది రోజులు, కొన్ని ఊళ్లలో ఇంకా ఎక్కువ, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఊరు చందాలు వేసుకుని ఆటగాళ్లకు తాంబూలం ఇస్తుంది. అది సొమ్ము లెక్క, చాలా చిన్న లెక్క. నిజమైన పోషణ లెక్కకు రానిది. వేషం వేసుకోవడానికి ఒక ఇంటి అరుగు, వంతులవారీగా అన్నం, కిరీటాల పెట్టె మోయడానికి ఇద్దరు కుర్రాళ్లు. అర్జున తపస్సు నాడు పాత్రధారి పాటలు పాడుతూ నిలువెత్తు మాను ఎక్కుతాడు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ కోసం బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కాచుకుని ఉంటారు. దుర్యోధన వధ నాడు నేలమీద మట్టితో చేసిన మహాకాయం చుట్టూ ఊరు ఊరంతా చేరుతుంది. అన్నిటికీ మించి, తర్వాతి పద్యం ఏమిటో తెలిసిన ముసలివాళ్లు ముందు వరసలో ఉంటారు. నటుడు తడబడితే అందిస్తారు, మింగేస్తే అడుగుతారు. ఏ అకాడమీ ఇంత కఠినమైన పరీక్ష పెట్టదు. (వన్స్‌మోర్ అనే అరుపు మాత్రం వేరు. అరిచేవాడికి ఖర్చు లేదు, నటుడికి గొంతు ఖర్చు.)

ఇది కేవలం భక్తి వల్ల సాగిందనుకుంటే పొరపాటు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలికి దేవుడి అండ లేదు. షేక్ నాజర్ బుర్రకథ ఊరూరా నిలిచింది ప్రధానంగా ఇటువంటి ఆదరణ మీదనే. ఊరి మనిషి ఆకలిని ఊరి మనిషి భాషలో చెప్పాడు గనక వేలమంది కూర్చున్నారు. విన్నది మళ్లీ పాడుకున్నారు.

ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. సొమ్ము లేని పోషణను పొగడడం పాలకవర్గాలకు చాలా సౌకర్యం. చప్పట్లు కళాకారుడికి ఆక్సిజన్ అంటూ శాలువా కప్పి పంపించే సభలు మనకు తెలియనివి కావు. ఆ శాలువాలు ఇంట్లో పేరుకుంటాయి, బియ్యం మాత్రం పేరుకోదు. ఇవ్వగలిగినవాడు ఇవ్వవలసిందే. ప్రభుత్వమైనా, దేవస్థానమైనా, టికెట్టు కొనగలిగిన ఉద్యోగి అయినా. లేని రైతుకూలీ అరుగు ఇచ్చాడు గనక ఉన్నవాడు కూడా అరుగుతో సరిపెట్టుకుంటానంటే కుదరదు. ఆ అరుగు మీదకు అందరు కళాకారులనూ రానివ్వని రోజులూ ఉన్నాయని మరవకూడదు. కులం తక్కువైన డప్పు లేకుండా తిరునాళ్లు సాగలేదు, ఆ డప్పు కొట్టినవాడి అన్నం మాత్రం వీధిలోనే.

రచయితలం, పంతుళ్లం, సాహిత్య విద్యార్థులం చేయగలిగినది మాత్రం చాలా ఉంది, పైసా అక్కర్లేదు. భారతం ఆటను చూసి వచ్చి మనవాళ్లు రాసే వ్యాసాల్లో భీముడి పేరుంటుంది, భీముడు కట్టినవాడి పేరుండదు. అతని ఊరేది, గురువెవరు, ఏ పద్యాన్ని ఏ వరసలో పాడాడు, ఆ వరస పక్క మండలంలో ఎలా మారింది అన్నవి అతని అనుమతితో, అతని పేరుతో రాసిపెట్టడం విమర్శకుడి పనే. చంద్రగిరిలో రాజమహల్ ఈనాడు పురావస్తు ప్రదర్శనశాల. మన పిల్లలను ఏటేటా అక్కడికి తీసుకుపోతాం. వేసవిలో అదే పిల్లలను ఒక రాత్రి భారతం దగ్గర కూర్చోబెట్టి, మరునాడు ఒక్కొక్కరినీ ఒక్కో పద్యం గుర్తు తెచ్చుకోమని అడిగిన బడులు ఎన్ని?