డబ్బాలో ఉన్న నంబర్: గుంజాల గోండి లిపి లైనక్స్ కంప్యూటర్‌లోకి ఎట్లా వచ్చింది

పోస్టు పెద్దది, టైం ఉన్నప్పుడు చదవండి. ఇది చరిత్ర పోస్టే. కాకపోతే మధ్యలో కంప్యూటర్ రిపేరు కూడా వస్తది. రెండిటినీ విడదీసి రాయడం నాతోని కాలేదు.

పోయినేడు ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్ పిల్లలం ఒక పోస్టర్ చేసినం. పైన తెలుగు, కింద గుంజాల గోండి లిపిలో ఒక లైన్. ఉట్నూరు వైపు అన్న ఒకాయన తన ల్యాప్‌టాప్‌లో టైప్ చేసి పంపిండు. హఫీజ్‌పేట్‌లో ఒక జిరాక్స్ షాపుకు తీసుకపోతే తెలుగు లైన్ మంచిగ వచ్చింది, దాని కింద వరసగా ఖాళీ డబ్బాలు. షాపాయన చూసి "ఫైల్ ఖరాబైంది తమ్మీ" అన్నడు. ఖరాబ్ కాలేదని అప్పుడు నాకూ తెల్వదు. డబ్బాలతోనే ఒక కాపీ తెచ్చుకున్నం. అది ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

హాస్టల్‌లో ఎవరో దానం ఇచ్చిన పాత కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో లైనక్స్, ఉబుంటు 16.04. ఆ లైన్‌ను కాపీ చేసి అందులో టెక్స్ట్ ఎడిటర్‌లో పెట్టిన. అక్కడ కూడా డబ్బాలే. కానీ ఖాళీ డబ్బాలు కావు. ఒక్కో డబ్బాలో చిన్న చిన్న అంకెలు, రెండు వరసల్లో. ఒకదానిలో పైన 011, కింద డి60. ఇంకోదానిలో వేరే అంకెలు. ఖరాబైన ఫైల్‌లో ప్రతి డబ్బాకు వేరే వేరే నంబర్ ఎందుకుంటది? అక్కడ నుంచి ఈ తవ్వకం మొదలైంది.

ఆ నంబర్ అంటే యూనికోడ్‌లో ఆ అక్షరానికి ఇచ్చిన ఇంటి నంబర్. 011డి60 అంటే గుంజాల గోండి "అ". లైనక్స్ ఏం చెప్తుందంటే, "అక్షరం నా దగ్గర భద్రంగా ఉంది, దాన్ని గీయడానికి బొమ్మ లేదు" అని. అంటే ఫాంట్ లేదు. షాపులో కంప్యూటర్ కూడా ఆ మాటే అన్నది గానీ నంబర్ చూపించలేదు, అందుకే ఫైల్ చచ్చిందనుకున్నం.

ఇప్పుడు ఆ ఇంటి నంబర్ ఎవరిచ్చారు అనే దగ్గరికి వద్దాం.

మన లిపి కథ చాలామందికి తెలుసు, చిన్న తమ్ముళ్ల కోసం మళ్లీ చెప్తున్న. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో ఈ లిపిలో రాసిన చేతిరాత ప్రతులు ఉన్నయని 2006లో బయటి ప్రపంచానికి తెలిసింది. జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు దాని మీద పనిచేశారు. యూనివర్సిటీలోని దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం ఈ పనికి ఇల్లు లాంటిది. చంద్రాపూర్ గోండు రాజుల ముచ్చట్లు కూడా ఆ ప్రతుల్లో ఉన్నయి. అప్పటికి ఊర్లో ఆ లిపి చదవగలిగే పెద్దమనుషులు కొద్దిమందే. ఆ యూనివర్సిటీ గచ్చిబౌలిలో ఉంది, మా హాస్టల్ నుంచి కొన్ని కిలోమీటర్లే. రోజూ ఆ వైపు బస్సులు పోతుంటయి, నేను ఒక్కసారి కూడా గేటు లోపలికి పోలేదు.

అయితే కాగితం మీద ఉన్న లిపి వేరు, కంప్యూటర్‌లో ఉన్న లిపి వేరు. కంప్యూటర్‌లోకి రావాలంటే ఎవరైనా కూర్చొని ఒక్కో అక్షరానికి పేరు, గుణం, కలిసే పద్ధతి రాసి యూనికోడ్ వాళ్లకు పంపాలి. ఆ పని అన్షుమన్ పాండే అనే లిపి పరిశోధకుడు చేశారు, ప్రతిపాదన 2015లో. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో గుంజాల గోండికి 63 అక్షరాలు దక్కినయి. దానికి ఒక ఏడాది ముందే, 2017లో, మసరాం గోండి వచ్చింది. అది వేరే లిపి, మధ్యప్రదేశ్ బాలాఘాట్ వైపు మున్షీ మంగల్ సింగ్ మసరాం 1918లో తయారు చేసింది. రెండిటినీ ఒకటే అనుకొని ఫాంట్ డౌన్‌లోడ్ చేస్తే మళ్లీ డబ్బాలే వస్తయి. నేను మొదట అదే తప్పు చేసిన.

ఆ పట్టిక చూస్తే నాకు మస్తు సంబురమైంది. మనకు బడిలో క, ఖ, గ అని నేర్పిస్తరు గదా. గుంజాల వరసలో హల్లులు "య" తోని మొదలైతయి, తర్వాత వ, బ, భ, మ, ఆ తర్వాతనే క. ఊరి పెద్దలు నేర్చుకున్న వరసనే యూనికోడ్ వాళ్లు అట్లనే పెట్టారు, దేవనాగరి వరసలోకి మార్చలేదు. అచ్చుల దగ్గర రెండు ఇండ్లు ఖాళీగా వదిలేశారు, ఎ, ఒ హ్రస్వాలకు ఈ లిపిలో వేరే అక్షరాలు లేవు కాబట్టి.

సరే, ఫాంట్. నోటో అని గూగుల్ ఫాంట్ల కుటుంబం ఒకటి ఉంది. ఆ పేరే "టోఫు ఉండొద్దు" అనే మాట నుంచి వచ్చింది. ఈ ఖాళీ డబ్బాలను టోఫు అంటరు, సోయా పన్నీరు ముక్కల్లాగ ఉంటయని. అందులో నోటో సాన్స్ గుంజాల గోండి ఉచితంగా దొరుకుతది. దించుదామంటే బ్రౌజర్ ఏ సైట్ కూడా తెరవనియ్యదు, ప్రతిదానికీ సర్టిఫికెట్ చెల్లదని ఎర్రగా చూపిస్తది. నెట్ పోయిందేమో అనుకొని అర్ధగంట వైరు పీకి పెట్టిన. చివరికి మూలకు చూస్తే తారీఖు ఎన్నో ఏండ్ల వెనక్కి ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సెల్ ఉంటది, సీఆర్2032 అంటరు. కరెంటు తీసేసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే కంప్యూటర్ ప్రతిసారీ పాత తారీఖుతో లేస్తది. సర్టిఫికెట్లకు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటది, తారీఖు తప్పయితే అన్నీ చెల్లనివే. లైనక్స్ మామూలుగా నెట్ నుంచి టైం సరిచేసుకుంటది, మా దగ్గర నెట్‌లో ఆ దారి మూసి ఉంది. కొత్త సెల్ వేసి తారీఖు పెట్టినాక అన్నీ తెరుచుకున్నయి. మీ హాస్టల్‌లో కూడా "నెట్ రాదు" అన్న పాత కంప్యూటర్ ఉంటే ముందు తారీఖు చూడండి, మిగతావి తర్వాత.

ఫాంట్ ఫైల్‌ను హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే డాట్ లోకల్, అందులో షేర్, అందులో ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో వేయాలి. తర్వాత టెర్మినల్‌లో ఎఫ్‌సీ-క్యాష్ అనే కమాండ్ నడపాలి. దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. మన లాంటోళ్లకు ఇది పెద్ద సంగతి, హాస్టల్ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఎప్పుడూ వేరే ఎవరి దగ్గరనో ఉంటది గదా.

డబ్బాలు పోయినయి. అక్షరాలు వచ్చినయి. మా రూమోళ్లంతా చుట్టూ నిలబడి చూసిన్రు. ఊరికి ఫోన్ చేసి తాతకు చెప్తే "అందులో ఏమని రాసి ఉంది?" అని అడిగిండు. నాకు చదవరాదు. తాతకు గోండి మాట్లాడవస్తది, చదవరాదు. ఇద్దరం కొద్దిసేపు ఏం మాట్లాడలేదు.

ఇంతలో ఉట్నూరు అన్న ఫొటో చూసి "జంటాక్షరాలు కలవలేదు తమ్మీ, విడివిడిగా ఉన్నయి" అన్నడు. ఆయనకు వచ్చు కాబట్టి పట్టుకున్నడు, మేమైతే తప్పు పోస్టరే గోడకు అంటించేవాళ్లం. వింత ఏందంటే అదే లైన్ ఫైర్‌ఫాక్స్‌లో పెడితే సరిగ్గా కలిసి వచ్చింది. అదే కంప్యూటర్, అదే ఫాంట్.

ఇది అర్థం కావాలంటే తెలుగు పడ్డ కష్టాలు చూడాలె. మన కంటే ముందు ఆ దారిలో నడిచింది తెలుగే.

1991లో రెండు పనులు జరిగినయి. ఆగస్టు 25న ఫిన్లండ్ విద్యార్థి లైనస్ తోర్వాల్డ్స్ తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అక్టోబర్‌లో యూనికోడ్ మొదటి పుస్తకం వచ్చింది, అందులో తెలుగు ఉంది. అయినా చాలా ఏండ్లు తెలుగు డీటీపీ అంతా అను ఫాంట్స్ లాంటి వాటితోనే నడిచింది. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల మీదనే తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే డబ్బాలు కూడా రావు, అర్థం లేని ఇంగ్లిష్ గీతలు వస్తయి. అంటే అక్కడ తెలుగు అక్షరం అనేదే లేదు, వేషం మాత్రమే.

తర్వాత యూనికోడ్ ఫాంట్లు వచ్చినయి. కెనడాలో ఉండే దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇప్పటికీ డెబియన్, ఉబుంటులో తెలుగు ఫాంట్ల మూటలో అవి ఉంటయి. 2004లో రెడ్ హ్యాట్ కంపెనీ లోహిత్ ఫాంట్లను విడుదల చేసింది, లోహిత్ అంటే ఎరుపు. 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ మొదలైంది. వాళ్లు డెబియన్ మీద తెలుగు లైనక్స్ తయారు చేశారు, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కూర్చొని మెనూల్లో ఒక్కో మాటను తెలుగు చేశారు. ఇదే సైబరాబాద్‌లో పగలు కంపెనీల కోసం కోడ్ రాసి సాయంత్రం ఈ పని చేసినోళ్లు ఉన్నరు. వాళ్ల పేర్లు ఏ మెట్రో పిల్లర్ మీద కనపడవు.

కానీ ఫాంట్ ఉంటే సరిపోదు. "క్ర" రాయాలంటే క, పొల్లు, ర అనే మూడింటిని తీసుకొని ఒక ముద్దగా కలపాలె. ఆ పని చేసేది ఫాంట్ కాదు, షేపింగ్ ఇంజిన్ అనే వేరే ప్రోగ్రామ్. లైనక్స్‌లో ముందు ఒక్కో సాఫ్ట్‌వేర్ తన దారిలో తాను కలిపేది, ఒకదానిలో ఒత్తు కిందికి, ఇంకోదానిలో పక్కకు. తర్వాత అందరూ హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌కు చేరారు. ఇది ఎంత తిప్పల పనో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" దగ్గర ఒక కనపడని గుర్తు పడితే ఐఫోన్లు కుప్పకూలినయి. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 పంపి సరిచేసింది. కోట్లమంది మాట్లాడే తెలుగుకే అట్లయితే, 2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండి సంగతి ఆలోచించండి.

ఇప్పుడు మా కంప్యూటర్‌కు వద్దాం. ఉబుంటు 16.04 అంటే 2016 ఏప్రిల్. గుంజాల యూనికోడ్‌లోకి వచ్చింది 2018 జూన్. అంటే ఆ కంప్యూటర్ పుట్టినప్పుడు మన లిపికి ఇంకా నంబర్ లేదు. దానిలోని హార్ఫ్‌బజ్‌కు ఇవి అక్షరాలని, కలవాలని తెల్వదు. ఫైర్‌ఫాక్స్ మాత్రం తన సొంత హార్ఫ్‌బజ్‌ను లోపల మోసుకొని తిరుగుతది, అది తర్వాత అప్‌డేట్ అయింది, అందుకే అందులో సరిగ్గా వచ్చింది. ఒకే పెట్టెలో రెండు కాలాలు అన్నమాట. విరుగుడు ఒక్కటే, కొత్త లైనక్స్ వేయడం. రెండు జీబీ ర్యామ్‌కు లుబుంటు తట్టుకుంది. ఈసారి ఎడిటర్‌లో కూడా జంటాక్షరాలు కలిసినయి, అన్నకు పంపిస్తే "ఇప్పుడు కరెక్టు" అన్నడు.

షాపుకు మళ్లీ పోయినప్పుడు పీడీఎఫ్ చేసి తీసుకపోయిన. పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలనే కూర్చుంటది, షాపు కంప్యూటర్‌లో ఉన్నా లేకున్నా పర్వాలేదు. ప్రింట్ వచ్చింది. షాపాయన "ఇదేం భాష?" అని అడిగిండు, చెప్పినం. ఆగస్టు 9 మాత్రం అప్పటికే దాటిపోయింది.

ఇంకొక మాట, ఎవరైనా వెబ్‌సైట్లు చేసే తమ్ముళ్లు ఉంటే వినండి. డబ్బా వేరు, ప్రశ్నార్థకం వేరు. డబ్బా వస్తే అక్షరం బతికే ఉంది. ప్రశ్న గుర్తులు వస్తే మాత్రం చాలాసార్లు దాచేటప్పుడే పోయింది, ఫాంట్ వేసినా తిరిగి రాదు. యూటీఎఫ్-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ తయారు చేశారు. అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గోండి అక్షరానికి నాలుగు. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరు పెట్టింది మూడు బైట్ల దాకనే దాచేది. నాలుగు బైట్లది 2010లో వేరే పేరుతో, చివర ఎంబీ4 అని తగిలించి వచ్చింది. పాత పేరుతో చేసిన పట్టికలో ఒక గోండు పిల్లవాడి పేరు అతని లిపిలో పెడితే నిలవదు. తెలుగులో పెట్టి చూసి "పనిచేస్తుంది" అనుకోవద్దు, మన అక్షరం పెట్టి చూడండి.

సవర తమ్ముళ్లకు కూడా ఇదే దారి పనికొస్తది. మంగేయి గొమాంగో 1936లో ఇచ్చిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, దానికీ నోటో ఫాంట్ ఉంది.

మాకు ఇప్పుడు మిగిలింది టైపింగ్. నేనైతే కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి ఒక్కో ఇంటి నంబర్ కొడుతున్న. ఒక్క లైన్‌కు పది నిమిషాలు పడుతుంది. లైనక్స్‌లో కీబోర్డు పట్టిక మనమే రాసుకోవచ్చు, మామూలు టెక్స్ట్ ఫైలే. ఏ అక్షరం ఏ మీట మీద ఉండాలో లిపి వచ్చినోళ్లు చెప్తే నేను కూర్చొని రాస్తా. ఉట్నూరు, నార్నూర్ వైపు అన్నలు, అక్కలు కామెంట్‌లో చెప్పండి. మీ దగ్గర డబ్బాలు వస్తుంటే లోపలి నంబర్లు కనపడేటట్టు ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తా.