ఏం పని చేస్తావ్ అని అడిగితే దొరికిన జ్వరం

1931లో మంజీరా మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లతోనే బోధన్ చుట్టూ చెరకు పెరిగింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఇది మనకు తెలిసిన కథే. ఈరోజు చెప్పేది చెరకు తోటల్లో తిరిగే ఒక జ్వరం గురించి: లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం.

దీని బ్యాక్టీరియాను జపాన్‌లో ఇనాడా, ఇడో 1915లో పట్టుకున్నారు, బొగ్గు గని కార్మికుల్లో. ఎలుక మూత్రం తడి నేలలో, నీళ్లలో కలుస్తుంది. కాళ్లకు గీతలుంటే చాలు, లోపలికి వెళ్తుంది. 1934లో ఆస్ట్రేలియాలోని ఇంగ్‌హామ్‌లో చెరకు కొట్టేవాళ్లు దీనితోనే పడిపోయారు. కోతకు ముందు తోట తగలబెడితే ఎలుకలు పోతాయని కూలీలు పట్టుబట్టారు, 1935లో సమ్మె కూడా చేశారు. ప్రాణం కోసం చేసిన సమ్మె అది.

మన దేశం సంగతి ఇంకా విచిత్రం. నిజాంసాగర్ పూర్తయిన ఆ 1931లోనే టేలర్, గోయల్ అండమాన్‌లో ఈ జబ్బు ఉందని రాశారు. అయినా 1988 నుంచి అక్కడ జనం రక్తం కక్కి చనిపోతుంటే, కొన్నేళ్లు దానికి 'అండమాన్ హెమరేజిక్ ఫీవర్' అని కొత్త పేరుతోనే గడిపారు. డాక్యుమెంటేషన్ ఉన్నా ఎవరూ చదవకపోవడం మా సాఫ్ట్‌వేర్‌లోనే అనుకునేవాణ్ణి!

గుర్తుపట్టడం ఎందుకు కష్టమంటే, మొదట్లో ఇది డెంగీలాగే ఉంటుంది. పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం, తర్వాత కామెర్లు కనిపిస్తే అనుమానించాలి. మొదటి వారం రక్తంలో పీసీఆర్ పనికొస్తుంది. యాంటీబాడీల టెస్టు మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. అందుకే డాక్టర్లు రిపోర్ట్ కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు: తక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్, ముదిరితే సెలైన్‌లో పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్. కిడ్నీలు ఆగిపోతే డయాలసిస్.

కుక్కల్లో 1933లో నెదర్లాండ్స్‌లో క్లారెన్‌బీక్, షూఫ్నర్ ఇంకో రకాన్ని కనుక్కున్నారు. కుక్క తిండి మానేసి, వాంతులు చేసుకుని, ఎక్కువ నీళ్లు తాగుతుంటే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టీకా వేయించిన కుక్కకు యాంటీబాడీలు ముందే ఉండొచ్చు కాబట్టి ఒక్క టెస్టుతో తేలదు, రెండు మూడు వారాల్లో మళ్లీ రక్తం తీస్తారు. డాక్సీసైక్లిన్ రెండు వారాలు పూర్తిగా వేయాలి, లేకపోతే కుక్క కోలుకున్నట్టు కనిపించినా దాని మూత్రంలో బ్యాక్టీరియా వస్తూనే ఉండొచ్చు. ఆ మూత్రం కడిగేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. డాక్టర్ దగ్గరికి మీరే వెళ్తే, కాలువలో దిగిన సంగతి, చెరకు కొట్టిన సంగతి అడగకపోయినా చెప్పండి.