తెలుగు యూనికోడ్‌లో మార్పులు, చేర్పులు: వాడుకరి ప్రయోజనమే గీటురాయి

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఏ మార్పునైనా చేయబోయే ముందు వాడుకరికి దానివల్ల కలిగే లాభాన్ని, అతడు అప్పటికే రాసి భద్రపరచుకున్న పాఠానికి కలిగే నష్టాన్ని తూచి చూడవలసి ఉంటుంది. విశాఖపట్నం మధురవాడలోని ఐటీ కొండలపైన గాని, మరెక్కడ గాని తయారయ్యే తెలుగు సాఫ్ట్‌వేర్‌కు నేడు పునాది యూనికోడ్. ఆ పునాదిలో తెలుగు లిపి చరిత్ర ఈ తూకానికి చక్కని నిదర్శనం.

1990వ దశకంలో తెలుగు డి.టి.పి. ప్రతి ఫాంటుకూ సొంత సంకేతాలతో నడిచింది. ఒక ఫాంటులో అక్షరమున్న స్థానంలో మరొక ఫాంటులో గుణింతపు గుర్తో, ఒత్తో ఉండేది. అచ్చులో ఈ భేదం కనిపించేది కాదు. ఫైలును వేరే కంప్యూటరులో తెరిచినప్పుడే బయటపడేది. ముద్రణ సౌలభ్యమే నాటి లక్ష్యం; భావి పాఠకుని అవసరం లెక్కలోకి రాలేదు. అందువల్ల ఆనాడు టైపుచేసిన సిద్ధాంత గ్రంథాలలో ఒక్క పదాన్ని వెతకాలన్నా నేడు మార్పిడి సాధనం కావలసి వస్తున్నది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు భారతీయ ప్రమాణమైన ఇస్కీ క్రమాన్ని అనుసరించి తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. 1996 నాటి 2.0 కూర్పులో కొరియన్ అక్షరాలు 6,656ను పాత స్థానాల నుండి తొలగించి, మొత్తం 11,172 అక్షరాలను కొత్తచోట అమర్చారు. పాత సంకేతాలతో రాసిన పాఠం దీనితో చెల్లకుండా పోయింది. ఒకసారి చేర్చిన అక్షరాన్ని ఇక కదల్చరాదు, తొలగించరాదు అన్న నియమం ఆ కూర్పు నుండే అమలులో ఉంది.

అందుచేత తరువాత తెలుగుకు జరిగినవన్నీ చేర్పులే. 2008లో దంత్య చజలకు ౘ, ౙ, అవగ్రహం, భిన్నాంక చిహ్నాలు, తూము గుర్తు చేరాయి. శాసన పాఠాల కోసం 2014లో ఴ, 2015లో ౚ వచ్చాయి. 2021లో నకారపొల్లు ౝ చేరింది. వీటిని వాడేవారు నిఘంటుకారులు, శాసన పరిశోధకులు, ప్రాచీన గ్రంథ పరిష్కర్తలు వంటి కొద్దిమందే. అయినా ఈ చేర్పులు సమంజసమే. ఇతరుల పాఠంలో ఒక్క అక్షరమైనా చెడలేదు. శాసన పాఠాన్ని ఉన్నదున్నట్లు రాసుకునే వీలు కలిగింది. ప్రయోజనాన్ని తలల లెక్కతో మాత్రమే కొలవరాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

అయితే చేర్పుకూ మూల్యం ఉంది. పరిష్కర్త ఒక కావ్యప్రతిలో ‘ౝ’ అని రాస్తే, ‘న్’ అని వెతికిన పరిశోధకునికి ఆ ప్రయోగం దొరకకపోవచ్చు. ౘ, చల విషయమూ ఇంతే. ఒకే పదం రెండు రూపాలుగా చీలి, ప్రయోగాల లెక్క తప్పుతుంది. ఈ భారాన్ని పాఠకునిపై మోపకుండా, వెతికేటప్పుడు రెండు రూపాలనూ ఒకటిగా, చూపేటప్పుడు వేరుగా గ్రహించే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి. ఏయే రూపాలను సమానంగా ఎంచాలో నిర్ణయించగలిగేది ఇంజనీరు ఒక్కడే కాదు. వ్యాకరణం, ఛందస్సు, శాసన భాష తెలిసినవారు. కాబట్టి తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ప్రయోజనపు తూకం తెలుగు శాఖల బాధ్యత కూడా.